బారూద్ లేని కార్తూసులు

మా ఇంట్లో కొన్ని లఫ్జులు గట్టిగా పలకరు. బారూద్ వాటిల్లో ఒకటి. బందూక్, కార్తూస్ అన్నా అబ్బా మొహం ఒక రకంగా అయ్యేది. అదే దాదా నోట్లో మాత్రం ఆ మాటలు పాన్ నమిలినంత హాయిగా నలిగేవి. ఒకే ఇంట్లో, ఒకే తఖ్త్ మీద కూర్చునే ఇద్దరి మధ్య ఇంత ఫరఖ్ ఎందుకుందో నాకు చిన్నప్పుడు సమజ్ కాలేదు.

ఇవాళ నేను రాయబోయేది ఆ లఫ్జుల గురించే. కార్తూసులు చేత్తో నింపే ఔజార్ల గురించి. తౌబా, ఇదేం ముచ్చట అనుకోకండి. మన ఘరానాల్లో శికార్ తెలిసిన పెద్దలు ఎందరో ఉండేవారు. వాళ్ల హునర్ గురించి మనం మాట్లాడటం మానేశాం, అంతే.

కార్తూస్ అంటే నాలుగు వస్తువులు. ఖోఖా, దాని అడుగున టోపీ, లోపల బారూద్, ముందు గుండు. పక్షుల కోసమైతే గుండు బదులు ఛర్రే. ఒకసారి పేలాక టోపీ చచ్చిపోతుంది, బారూద్ కాలిపోతుంది, గుండు వెళ్లిపోతుంది. ఖోఖా మిగులుతుంది. ఇత్తడిదైతే మళ్లీ మళ్లీ పనికొస్తుంది. నాలుగింట్లో ఖరీదైనదీ అదే. దాన్ని పారేయడానికి మనసొప్పని వాళ్లంతా, దుకాణం దూరమైన వాళ్లంతా, ఇంట్లోనే మళ్లీ నింపుకోవడం నేర్చుకున్నారు. అమెరికాలో అడవిదున్నల వెంట పడ్డ వేటగాళ్లూ అంతే, ములుగు అడవుల్లో మా దాదా కూడా అంతే.

దాదా ములుగు వైపు ఒక కలప గుత్తేదారు దగ్గర మున్షీ. ఆయన దగ్గర ఒంటి గొట్టం పన్నెండు బోరు బందూక్ ఉండేదట. ఉండేదట అనే అంటున్నాను, నేను చూడలేదు. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయ్యాక ఠాణాలో జమా చేయమన్నారు, చేశారు. రసీదు రాసిచ్చారు. బందూక్ తిరిగి రాలేదు. రసీదు మాత్రం మా ఇంట్లో ఉండేది, మడతల దగ్గర చిరిగి, లేత చాయ్ రంగుకొచ్చి.

కానీ ఔజార్ల సంగతి ఎవరూ అడగలేదు. రేకు సందూక్‌లో, పాత దస్తర్ఖాన్ గుడ్డలో చుట్టి, అవి అలాగే ఉండిపోయాయి.

నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో. ఎండాకాలం సెలవుల్లో జొహర్ నమాజ్ అయ్యాక ఇల్లంతా పడుకుంటే దాదా సందూక్ తెరిచేవారు. మొదట ఒక ఇత్తడి కొలత గిన్నె. గిన్నె అంటే అంగుష్టానా కంటే కాస్త పెద్దది, నల్ల చెక్క పిడి. గిన్నె అడుగు పైకీ కిందికీ జరుగుతుంది. ఒక పక్క డ్రామ్‌ల గీతలు, అవి బారూద్‌కి. ఇంకో పక్క ఔన్సులు, అవి ఛర్రాలకి. పిడి దగ్గర షెఫీల్డ్ అని చెక్కి ఉండేది. దాని తర్వాత కాలిన టోపీని పొడిచి తీసే ముల్లు, కొత్త టోపీని నొక్కే చెక్క దిమ్మె, నమ్దా బిళ్లల్ని దిగ్గొట్టే గుండ్రటి కర్ర. అన్నిటికన్నా నాకు ఇష్టమైనది బల్ల అంచుకి బిగించే ఒక చిన్న యంత్రం. కాగితం ఖోఖా దాంట్లో పెట్టి పిడి తిప్పితే మూతి లోపలికి మడతపడుతుంది. సమోసా అంచు మడిచినట్టు కాదు, ఇంకా నున్నగా, గుండ్రంగా. దాదా దాన్ని 'మరోడ్' అనేవారు. అసలు పేరేమిటో నేను అడగనేలేదు.

పన్నెండు బోరు అంటే ఏమిటో కూడా ఆ మధ్యాహ్నాల్లోనే తెలిసింది. ఒక పౌండు సీసం తీసుకుని పన్నెండు సమాన గుండ్లు పోస్తే, ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం లోపలి వెడల్పు అంత. అందుకే పదహారు బోరు పన్నెండు బోరు కంటే సన్నం. లెక్క పెరిగితే సైజు తగ్గడం నాకు వింతగా ఉండేది. స్కూల్లో మా సార్‌ని అడిగాను. ఆయనకి తెలియదు. ఆ రోజు నేనెంత మురిసిపోయానో.

బందూక్ లేదు, బారూద్ లేదు, ఛర్రే లేవు. దాదా నేర్పింది వాటికి బదులు పెట్టి. బారూద్ బదులు తౌడు. ఛర్రాల బదులు జొన్నలు. నమ్దా మాత్రం నిజమైనదే, ఒక పాత గుర్రపు జీను కిందిది. గుండ్రంగా కోసే గొట్టం కూడా ఉండేది, సుత్తితో కొడితే బిళ్ల రాలేది. తౌడు కొలిచి పోయాలి. గిన్నె పొంగేలా నింపి, అట్టముక్కతో పైన గీకి, సమానంగా. గిన్నెని తట్టకూడదు. తడితే తౌడు దిగబడి ఎక్కువ పడుతుంది. "ఠోకో నక్కో బేటా, జిత్తా ఆయా ఉత్తాచ్." కొట్టకు నాన్నా, ఎంతొచ్చిందో అంతే. దానిమీద అట్టబిళ్ల, దానిమీద నమ్దా, కర్రతో నొక్కాలి. నమ్దా దిగేటప్పుడు పక్కల నుంచి గాలి 'ఫుస్' మని పోతుంది. అది వినాలి. వినబడకపోతే బిళ్ల పక్కకి తిరిగిందన్నమాట. తర్వాత జొన్నలు, పైన ఇంకో అట్టబిళ్ల, మరోడ్‌లో మూతి మడత. అయిపోయింది. చేతిలో ఒక కార్తూస్. ఊపితే లోపల చప్పుడు రాకూడదు. వస్తే మళ్లీ విప్పాలి.

దాదాకి సబర్ ఎక్కువ. విప్పమంటే విప్పడమే, తిట్టేవారు కాదు. ఉన్న ఖోఖాలు పదకొండు. రోజూ అవే నింపేవాళ్లం, అవే విప్పేవాళ్లం. జొన్నలు కోళ్లకి పోయేవి.

ఆయన కథల్లో శికార్ తక్కువ, ఎదురుచూపు ఎక్కువ. ఇంకో సంగతి. గుండు తగిలి అక్కడికక్కడే చచ్చిపోయిన జంతువు, జబహ్ చేయకపోతే హలాల్ కాదని మన హనఫీ ఉలెమాల్లో చాలామంది చెప్పిన మాట. అందుకని దాదా వాళ్ల పార్టీలో ఒక కుర్రాడి డ్యూటీ బందూక్ మోయడం కాదు, ఛురీ పట్టుకుని పరిగెత్తడం. బందూక్ పేలిన చప్పుడుకి అందరూ చెవులు మూసుకుంటే వాడు బిస్మిల్లా అంటూ ముళ్లలోకి దూకేవాడట. ఆ కుర్రాడి పిక్కల మీద గీతలు చూసి వాళ్ల అమ్మ దాదాని తిట్టడం, దాదాకి బాగా యాదుండే ముచ్చట.

1972లో వన్యప్రాణి చట్టం వచ్చి శికార్ జమానాని మూసేసింది. మంచిదే అయింది, అడవిలో ఏమన్నా మిగిలిందంటే దానివల్లే. దాదా కూడా ఆ మాటే అనేవారు. అయినా వేసవి మధ్యాహ్నాల్లో సందూక్ తెరిచేవారు. నేను పదో తరగతిలో ఉండగా ఆయన ఇంతెఖాల్ అయ్యారు.

ఇక్కణ్నుంచి కథ చాలా దూరం పోతుంది. నౌకరీ, వీసా, పెన్సిల్వేనియా. మేం ఇల్లు కొన్న ఊళ్లో నవంబర్ నెలాఖరున ఒక సోమవారం స్కూళ్లకి సెలవు. పండగేమిటా అని చూస్తే, జింకల వేట మొదలయ్యే రోజు! థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం. 2019లో దాన్ని శనివారానికి మార్చారు గానీ అప్పుడు అంతే. పిల్లలు తండ్రులతో, తాతలతో అడవికి పోయేవారు. హైదరాబాద్‌లో నోటితో అనడానికి జంకే వస్తువు అక్కడ దుకాణంలో అలమారా మీద హార్లిక్స్ డబ్బాల్లాగా వరసగా ఉంటుంది. మొదటిసారి చూసి నేను ఇంకో వరసలోకి వెళ్లిపోయాను.

పక్కింటి ముసలాయన రిటైరైన మెషినిస్టు. జిందగీ అంతా లేత్ మీద లోహం చెక్కిన మనిషి. ఒకరోజు గ్యారేజీ తలుపు తీసి ఉంది, లోపల్నించి టక్, టక్, టక్. చెక్క దిమ్మె మీద సుత్తి చప్పుడు. వెళ్లి చూశాను. ఆయన చేతిలో ఇత్తడి ఖోఖా. నా నోట్లోంచి అనుకోకుండా వచ్చిన మాట, మా తాత దగ్గర ఇలాంటివి ఉండేవి అని. ఆయన స్టూల్ జరిపారు.

అలా నాకు రెండో ఉస్తాద్ దొరికారు. అప్పటికి నాకు గ్రీన్ కార్డ్ వచ్చింది, కాయిదాల సంగతి సాఫ్‌గా ఉంది. అది రాకముందైతే నేను ఆ స్టూల్ మీద కూర్చునేవాణ్ని కాదు.

ఆయన దగ్గర బల్లకి బిగించిన పెద్ద ప్రెస్‌లు ఉన్నాయి. వాటిని ముట్టుకోనివ్వలేదు. అరచేతిలో పట్టే ఒక డబ్బా ఇచ్చారు. లీ లోడర్. విస్కాన్సిన్‌లో రిచర్డ్ లీ అనే మనిషి 1958లో ఇంటి వర్క్‌షాపులో మొదలుపెట్టినది, ముందు పన్నెండు బోరు లాంటి తుపాకులకే, తర్వాత రైఫిళ్లకి. లోపల ఉండేవి ఒక ఉక్కు గొట్టం, ఒక పొడుగు ముల్లు, ఒకట్రెండు దిమ్మెలు, బారూద్ కొలిచే ఒక బుల్లి గరిటె. అంతే. బల్ల అక్కర్లేదు, కరెంట్ అక్కర్లేదు. కావాల్సింది ప్లాస్టిక్ తలున్న సుత్తి, చెవులు.

దానికీ ముందు సరోతా లాంటి ఔజార్లు ఉండేవి. నిజంగా సరోతాయే, చూస్తే వక్కలు కత్తిరించాలనిపిస్తుంది. కనెక్టికట్ రాష్ట్రం న్యూ హేవెన్‌లో జాన్ బార్లో అనే ఆయన 1884లో ఐడియల్ అనే కంపెనీ పెట్టి అవి తయారుచేశారు. 1925లో లైమన్ కంపెనీ దాన్ని కొనుక్కుంది. ముసలాయన దగ్గర ఒక లైమన్ సరోతా ఉంది, వాళ్ల నాన్నది. అది మాత్రం నాకు చూపించడానికే తీశారు, మళ్లీ గుడ్డలో చుట్టేశారు. గుడ్డలో చుట్టే తీరు చూసి నాకు గొంతు పట్టేసింది.

పని ఇది. కాలిన ఖోఖాని దిమ్మె మీద నిలబెట్టి ముల్లుతో పాత టోపీని పొడవాలి. ముల్లు నేరుగా దిగేందుకు ఖోఖా అడుగున సరిగ్గా మధ్యలో ఒకే రంధ్రం ఉంటుంది. ఆ టోపీ పద్ధతి బాక్సర్ అనే ఇంగ్లీషు ఫౌజీ అఫ్సర్‌ది, అమెరికా వాడుకుంది. బర్డన్ అనే అమెరికా వాడిది రెండు రంధ్రాల పద్ధతి, దాన్ని యూరప్ వాడుకుంది. ఎవరి హునర్ ఎవరికి నసీబో! తర్వాత ఖోఖాని ఉక్కు గొట్టంలోకి దిగ్గొట్టాలి. పేలినప్పుడు ఉబ్బిన మెడ మళ్లీ సన్నబడుతుంది. ఈ చిన్న ఔజార్ మెడనే సరిచేస్తుంది, ఒళ్లుని ముట్టదు. అందుకే ఏ రైఫిల్లో పేలిన ఖోఖా ఆ రైఫిల్‌కే సరిగ్గా సరిపోతుంది. ఒక బందూక్ కడుపులో పడుకుని లేచింది దాని ఆకారమే పట్టుకుని లేస్తుంది. ఇంకో బందూక్‌లో పెడితే మొరాయించొచ్చు.

కొత్త టోపీని ఎక్కించే దగ్గర మొదట్లో నా చేయి వణికింది. ఈ ఔజార్‌తో అది కూడా సుత్తి దెబ్బతోనే. ఎప్పుడన్నా ఒక టోపీ చేతిలోనే పేలుతుంది. పెద్ద ప్రమాదం కాదు గానీ కళ్లద్దాలు లేకుండా కూర్చోవద్దు, మొహం పైన పెట్టొద్దు, మిగతా టోపీల డబ్బా దూరంగా ఉండాలి అన్నారు. గ్యారేజీలో సిగరెట్ నిషేధం, రేడియో కూడా నిషేధం. మాట్లాడాలంటే సుత్తి కింద పెట్టి మాట్లాడాలి. బారూద్ పోశాక ఖోఖాలన్నీ రంధ్రాల పలకలో నిలబెట్టి, టార్చ్ వేసి ఒక్కొక్కదాంట్లోకి చూడాలి. ఒకదాంట్లో రెండుసార్లు పడిందంటే రైఫిల్ పగిలిపోతుంది, దాంతో మనమూ. ఎంత పోయాలో ఎవరి మాటా వినొద్దు, తన మాట కూడా వినొద్దు, కంపెనీ వాళ్ల కితాబులో ఉన్నదే అన్నారు.

గరిటె నింపి అట్టముక్కతో గీకమన్నారు. తట్టొద్దు అన్నారు. నేను గీకి చూపించాను. ఇది నీకెవరు నేర్పారు అని అడిగారు. జొన్నలూ తౌడూ సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వారు. తర్వాత నవ్వు ఆపి ఆ పదకొండు ఖోఖాలు ఇప్పుడెక్కడున్నాయి అని అడిగారు.

తూకం సంగతి ఒకటి చెప్పాలి. బారూద్‌నీ గుండునీ అక్కడ గ్రెయిన్లలో తూస్తారు. ఒక పౌండుకి 7000 గ్రెయిన్లు. మొదట్లో అది నాకు కొత్త లెక్క అనిపించింది. తర్వాత తెలిసింది, ఇంగ్రేజుల కాలంలో మన తులం అంటే సరిగ్గా 180 గ్రెయిన్లు, ఇప్పటి లెక్కలో 11.66 గ్రాములు. ఆయన రైఫిల్ థర్టీ ఆట్ సిక్స్. ఆ సిక్స్ 1906 సంవత్సరానిది. దాంట్లో ఆయన వాడే గుండు 180 గ్రెయిన్లది. అంటే పాత తులం. మా అమ్మీ పెళ్లికి పెట్టిన రెండు తులాల చంద్రహారం రెండు గుండ్లంత బరువు. ఈ మాట మా బేగంకి చెబితే, మీకు ఏం చెప్పినా బందూక్‌లోకే పోతుంది, ఇక బంగారం మాట ఎత్తను అంది. ఎత్తింది లెండి.

ఇప్పుడు నా దగ్గర ప్రెస్ ఉంది. ముసలాయన పోయాక వాళ్ల అమ్మాయి ఇచ్చింది. నిజం చెప్పాలంటే ప్రెస్సే మేలు. తొందరగా అవుతుంది, చప్పుడు లేదు, ఒకదానికొకటి ఫరఖ్ తక్కువ. లీ లోడర్‌తో గంటసేపు కొడితే కింద పడుకున్న పిల్లలు లేస్తారు. గరిటె కొలత కంటే త్రాసు మీద తూసిందే నమ్మకం. చేత్తో చేసిందంతా గొప్పదనే మాట నేను చెప్పను. కానీ ప్రెస్ పిడి లాగితే నాలుగు పనులు కంటికి కనబడకుండా అయిపోతాయి. సుత్తితో అయితే మెడ దిగుతున్నంతసేపూ చప్పుడు మారుతూ ఉంటుంది, చివరి దెబ్బకి ఖంగుమంటుంది. ఆ ఖంగు విన్న చెయ్యి దానంతటదే ఆగుతుంది. నమ్దా 'ఫుస్' మన్నట్టే. 2020లో కరోనా రోజుల్లో టోపీలు బజార్లో మాయమైనప్పుడు ప్రెస్ మీద దుమ్ము పడింది. అప్పుడు ఖాళీ ఖోఖాలని ఊరికే గొట్టంలోకి కొట్టి తీసేవాణ్ని. మా పెద్దోడు చూసి, ఏం చేస్తున్నావ్ అబ్బా, దీంట్లో ఏమీ లేదుగా అన్నాడు.

మొదటిసారి నేర్చుకున్న రోజే సంతోషం ఆగక హైదరాబాద్‌కి ఫోన్ చేశాను. అబ్బా, దాదా పని ఇక్కడ నేర్చుకుంటున్నా, బారూద్ కూడా... అనబోయాను. అటువైపు ఖామోష్. తర్వాత అబ్బా గొంతు, చాలా నెమ్మదిగా: "ఫోన్ పో యే సబ్ బాతాం నక్కో." ఫోన్‌లో ఈ మాటలొద్దు. వెంటనే, గట్టిగా, ఎవరో వింటున్నట్టు, పిల్లలు ఎలా ఉన్నారు, చలి ఎలా ఉంది అన్నారు.

ఆ రాత్రి దుకాణం సంగతి గుర్తొచ్చింది. డబ్బా కౌంటర్ మీద పెట్టి కార్డు ఇస్తే, పేరు చదివిన మనిషి ఒక్క క్షణం ఆగాడు. ఆగాడా, నాకలా అనిపించిందా? రసీదు ఇచ్చి హావ్ ఎ గుడ్ డే అన్నాడు. నేను కారులో పది నిమిషాలు కూర్చున్నాను.

తర్వాతి సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు సందూక్ తెరిచాను. రజాయిలు ఉన్నాయి. ఔజార్లు లేవు. ఖోఖాలు లేవు, రసీదు కూడా లేదు. అబ్బా నమాజ్‌కి వెళ్లారు. అమ్మీ చెప్పింది. 2007 మే 18, జుమ్మా నాడు మక్కా మసీదులో బాంబు పేలిందా, ఆ తర్వాత మన పిల్లల్నే ఎత్తుకుపోవడం మొదలైంది. పట్టుకుపోయిన వాళ్లెందరో తర్వాత కోర్టుల్లో నిర్దోషులుగా బయటికొచ్చారు, కానీ అది తర్వాతి మాట. ఆ వారాల్లో ఏ ఇంట్లో ఏం దొరుకుతుందోనని అందరికీ గుబులే. అబ్బా రాత్రి సందూక్ తీసి కూర్చున్నారట. ఇత్తడి వేరే, ఇనుము వేరే విడదీశారట. మరోడ్‌ని సుత్తితో కొట్టి ముక్కలు చేశారట, ఏమిటో తెలియకుండా. ఫజర్ తర్వాత రెండు సంచుల్లో కబాడీ వాడికి. ఒకే వాడికి కాదు, ఇద్దరికి, రెండు మొహల్లాల్లో. ముప్ఫై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి. "రసీదు?" అన్నాను. పొయ్యిలో, అంది అమ్మీ.

అబ్బాని నేనేమీ అడగలేదు. అడగడానికి ఏముంది.

అప్పట్నుంచి ఎప్పుడు హైదరాబాద్ పోయినా గురువారం జుమేరాత్ బజార్‌కి పోతాను. పాత తాళాలు, ఆగిపోయిన గడియారాలు, ఒంటి జోళ్లు, నేలమీద గుడ్డ పరిచి అన్నీ. అక్కడ దాదా ఔజార్లు దొరుకుతాయని కాదు, కరిగిపోయి ఏ నల్లా అయ్యాయో. ఊరికే చూస్తాను. పోయిన శీతాకాలం ఒక గుడ్డమీద, గరిటెల మధ్యలో కనబడింది. చెక్క పిడి, జరిగే అడుగు, ఇత్తడి గిన్నె. షెఫీల్డ్ అని లేదు, గీతలు సగం అరిగిపోయాయి. ఇదేంటి భాయ్ అన్నాను. సుర్మా కొలిచేది సాబ్ అన్నాడు. రెండొందలు అడిగాడు. బేరం చేయకుండా ఇచ్చాను. అతనికి నామీద అనుమానం వచ్చి ఇంకోసారి దాన్ని తిప్పి చూసుకున్నాడు.

ఇంటికి తెచ్చి తఖ్త్ మీద పెట్టాను. అబ్బా అద్దాలు పెట్టుకుని, ఇదేమిటి అన్నారు. సుర్మా కొలిచేది అబ్బా, అన్నాను. చేతిలోకి తీసుకున్నారు. పిడిని అటూ ఇటూ తిప్పారు. బొటనవేలితో అడుగుని పైకి నెట్టి, మూడో గీత దగ్గర ఆపారు. చూడకుండానే, వేలికి తెలిసినట్టు. కాసేపు అలాగే పట్టుకున్నారు.

"హౌ," అన్నారు, "సుర్మాకాచ్ హై."

లేచి వంటింట్లోకి పోయి అమ్మీకి ఇచ్చారు. చాయ్‌పత్తా డబ్బాలో ఇప్పుడు అదే ఉంది. రెండు కప్పులకి మూడో గీత సరిపోతుందట.